బెల్లం తిన్నాక

బలరాం కుడిచెవి గురించి చెప్పాలంటే ముందు నా క్లాసు గురించి చెప్పాలి. ఆ క్లాసు మాటెత్తితే నాకే విసుగు.

నా పేరు రిబ్కా. కొత్తగూడెంలో వకీలును. బడిపిల్లలకు చట్టాలూ హక్కులూ చెప్పి రమ్మని పంపే వకీళ్ళ జాబితాలో నేనూ ఉన్నాను. మొదట్లో ఈ పని అడిగి మరీ తీసుకున్నాను. ఇప్పుడు మోకాళ్ళు అరిగాయి, షుగరొచ్చింది. ఫోన్లో "మేడం, రేపు టేకులపల్లి సైడు ఒక క్యాంపు" అన్న మాట వినపడగానే ప్రాణం ఉసూరుమంటుంది. అయినా వెళ్తాను. ఎందుకు వెళ్తున్నావని మా ఆయన జకర్యా అడిగితే చీర సర్దుకుంటూ మాట మార్చేస్తాను.

ఎక్కడికి వెళ్ళినా ఒకటే తంతు. ముందు బ్యానర్ కట్టాలి. బ్యానర్ కనపడేలా ఫొటో దిగాలి. ఆ తర్వాత నేను మాట్లాడాలి. పద్దెనిమిదేళ్ళ లోపు వాళ్ళు చట్టం దృష్టిలో పిల్లలనీ, వాళ్ళని కొట్టే హక్కు ఎవరికీ లేదనీ, ఆపదొస్తే పిల్లల హెల్ప్‌లైను 1098కి ఫోన్ చేయాలనీ చెప్తాను. అర్థమైందా అంటే అయ్యింది మేడం అంటారు. డౌట్లున్నాయా అంటే లేవు మేడం అంటారు. ఇన్నేళ్ళు కోర్టుల చుట్టూ తిరిగినా నాకే తీరని డౌట్లు వీళ్ళకు గంటలో తీరిపోతాయి.

ఆ రోజు వెళ్ళింది అడవి అంచునున్న ఒక ప్రభుత్వ హైస్కూలుకు. దాని పేరు చెప్పను. చుట్టుపక్కల తండాల పిల్లలు నడిచి వస్తారు. క్రిస్మస్ దగ్గరపడుతున్న రోజులు. పొద్దెక్కినా చలి ఇంకా వదల్లేదు. నన్ను బండి మీద తీసుకొచ్చిన వాలంటీరు కోటేష్ బ్యానర్ కట్టడానికి మేకు కోసం వెతుకుతున్నాడు.

హెడ్మాస్టరు షాలేమ్‌రాజుది సత్తుపల్లి వైపు. "వందనాలమ్మా" అని ఎదురొచ్చాడు. మనిషి నాకన్నా అలసిపోయి ఉన్నాడు. లెక్కల పోస్టు ఖాళీ, హిందీ పోస్టు ఖాళీ, వంటామె రాలేదు.

"పీఈటీ హీరాలాల్ గారు కబడ్డీ పిల్లల్ని తీసుకుని దమ్మపేట వెళ్ళారు. ఆయనుంటే పిల్లలు కిక్కురుమనరు. ఇవాళ కాస్త గోల చేస్తారేమో, మీరే సర్దుకోవాలి" అన్నాడు.

గోల చేస్తే మంచిదే అనుకున్నాను.

తొమ్మిదీ పదీ తరగతుల వాళ్ళని కలిపి ఒకే గదిలో కూర్చోబెట్టారు. చెప్పాల్సింది చెప్పేశాను. ఆఖర్న ఉత్తుత్తి కోర్టు ఆడిస్తాను. అదొక్కటే నాకు కాస్త ఇష్టమైన భాగం. ఎప్పుడూ సైకిలు దొంగతనం కేసే. జడ్జి అవుతామని అందరూ చేతులెత్తుతారు, పోలీసు అవుతామని ఇంకొందరు. ముద్దాయిగా ఉండమంటే మాత్రం ఎవరూ రారు. బతిమాలి ఒకణ్ణి లాక్కురావాలి.

ఆ రోజు ముద్దాయి ఎవరంటే వెనక బెంచీలోంచి ఒక చెయ్యి లేచింది. సన్నగా పొడుగ్గా ఉన్న అబ్బాయి. చెవిలో దూది ఉంది. చలికి పెట్టుకున్నాడనుకున్నాను.

"పేరేంటి నాన్నా?"

"బలరాం, మేడం."

ముందు బెంచీలో ఉన్న అమ్మాయి లేచింది. పేరు శ్రావణి. పదో తరగతి.

"మేడం, సైకిల్ కేసు వద్దు. కేసు మేమే చెప్తం. ఒక సారున్నడు. ఒక పిలగాన్ని కొట్టిండు. గది."

పిల్లలంతా నన్నే చూస్తున్నారు.

"సరే. ముద్దాయి సారన్నమాట. మరి దెబ్బలు తిన్న పిల్లాడెవరు?"

"ఆయన రాలే మేడం. ఆయన మాట్లాడడు. ఉత్త కుర్చీ ఏస్తం" అంది శ్రావణి.

ఉత్త కుర్చీ వేశారు. శ్రావణి జడ్జి కుర్చీలో కూర్చుంది. వకీలు అక్కర్లేదంది, ప్రశ్నలు తనే అడుగుతానంది. కోర్టులో అలా ఉండదని చెప్పబోయి ఊరుకున్నాను. నడుం నొప్పిగా ఉంది, నేనూ ఒక బెంచీ మీద చేరగిలబడ్డాను.

బలరాం లేచి నిలబడ్డాడు. ఇందాక చెప్పిన పాఠమే కదా అని గుర్తుచేశాను. "చూడు బాబూ, నువ్వు ముద్దాయివి. నీకు వ్యతిరేకంగా నువ్వే చెప్పాల్సిన పనిలేదు. మాట్లాడకుండా ఉండే హక్కు నీకుంది."

"నేను చెప్త మేడం" అన్నాడు.

శ్రావణి ఏదో అడిగింది. అతను పలకలేదు. మళ్ళీ అడిగింది. పలకలేదు. ఆ పిల్ల విసుక్కోకుండా జడ్జి కుర్చీ దిగి, చుట్టూ తిరిగి, అతని ఎడమవైపు వచ్చి నిలబడింది. అది అక్కడ రోజూ జరిగే పనిలాగే ఉంది, ఒక్కరూ నవ్వలేదు. నేను చేరగిలబడ్డదాన్ని లేచి కూర్చున్నాను.

"సారూ, ఆ పిలగాన్ని ఎందుకు కొట్టిండ్రు?"

బలరాం ఛాతీ ముందుకు పెట్టి, మెడలో విజిల్ ఉన్నట్టు చెయ్యి పైకి తెచ్చుకున్నాడు. గొంతు మారింది. "ప్రార్థనకు లేటొచ్చిండు. లైన్ల నిలబడి నవ్విండు."

"మిమ్మల్ని చూసి నవ్విండా?"

"కాదు. పక్కోడు ఏదో అన్నడు. నాకు తెల్వదు. కొట్టిన."

"ఎన్నిసార్లు?"

"ఒకసారి కొట్టిన. ఏడ్వలే. ఏడ్వకపోయేసరికి కోపమొచ్చింది. మల్ల కొట్టిన. విజిల్ చేతులనే ఉండె."

"అప్పుడేమైంది?"

"చెవిలకెల్లి నీళ్ళోలె కారింది. ఎర్రగ ఉండె. దూది పెట్టిన. ఇంట్ల చెప్పకు, కిందపడ్డనని చెప్పు అన్న."

"తర్వాత?"

"ఆళ్ళ నాయినకు తెలిసింది. నాది గూడ పక్క తండనే. పెద్దమనుషులు కూసున్నరు. తప్పయిందన్న. బెల్లం తిన్నం. అయిపోయింది."

శ్రావణి ఉత్త కుర్చీ వైపు చూసింది. "పిలగాని చెవి మంచిగైందా?"

బలరాం అప్పటిదాకా సారు గొంతుతో చెప్పినవాడు అక్కడ ఆగాడు. "కాలే" అన్నాడు. ఆ ఒక్క మాటా తన గొంతుతోనే అన్నాడు.

శ్రావణి తీర్పు చెప్పింది. సారుకు జైలు వద్దు, సారే ఆ పిల్లాణ్ణి ఖమ్మం దవాఖానాకు తీసుకుపోవాలి, తీసుకుపోకపోతే అప్పుడు జైలు. పిల్లలు చప్పట్లు కొట్టారు. కోటేష్ బ్యానర్ పడేలా ఫొటో తీశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీదంటే చెప్పలేను. ముందుగా నా మీదే అనుకుంటా. పిల్లల్ని కొట్టే హక్కు ఎవరికీ లేదని ఇందాకే గొంతు చించుకుని చెప్పాను. అది వాళ్ళకు తెలియకనా. తెలిసినా ఎవరికి చెప్పుకోవాలో తెలియకే కదా ఇంత నాటకం ఆడారు.

శ్రావణిని వరండాలోకి పిలిచి అడిగాను. దసరా సెలవుల ముందు జరిగిందట. అప్పటినుంచీ చీము కారుతూనే ఉంది. రాత్రిళ్ళు పోటు పెడుతుంది. బలరాం నాన్న రెడ్యా ఆకుపసరు పోయించాడు, మెడికల్ షాపులో చుక్కలు తెచ్చాడు.

"పెద్ద దవాఖానాకు ఎందుకు పోలేదు?"

"పోతే డాక్టర్ అడుగుతడు కద మేడం, ఎట్లయిందని. బెల్లం తిన్నంక ఆ ముచ్చట మల్ల ఎత్తొద్దు. ఎత్తితే ఎత్తినోళ్ళదే తప్పు. ఆళ్ళ ఇంటికి ఎవ్వరు పోరు, పెండ్లికి పిలువరు. మా తండల గట్లనే. మా తాతనే నాయక్."

ఈ పిల్ల జడ్జి కుర్చీలో అంత తీరుగా ఎలా కూర్చుందో అప్పుడు అర్థమైంది. తండా పెద్ద ఇల్లు కాబట్టి వాళ్ళింటి ముందే పంచాయితీలు జరుగుతాయి. ఆడపిల్లలు తలుపు వెనక నిలబడి వింటారు.

హెడ్మాస్టరు గదిలోకి వెళ్ళాను. ఆయనకు సంగతి చేరిపోయింది. కుర్చీ చూపించాడు, నేను కూర్చోలేదు.

"అది అయిపోయిన విషయమమ్మా. ఇరువైపులా రాజీపడ్డారు. హీరాలాల్ చెడ్డవాడు కాదు. క్షమాపణ అడిగాడు. ఆ పిల్లాడే చెప్పనప్పుడు మనం తవ్వడం ఎందుకు?"

"పిల్లాడి చెవిలో చీము కారుతోందని మీకు తెలుసా సార్?"

ఆయన హాజరు రిజిస్టరు దగ్గరకు లాక్కున్నాడు. "మీరు సాయంత్రానికి కొత్తగూడెం వెళ్ళిపోతారు. రేపు ఆ తండావాళ్ళు పిల్లల్ని బడికి పంపడం మానేస్తే ఇంటింటికీ తిరిగి బతిమాలుకోవాల్సింది నేను."

అందులో అబద్ధం లేదు. ఆ మాటకు నాకు కోపం రాకపోగా నీరసం వచ్చింది. నాలాంటివాళ్ళం వచ్చి ఒక నిప్పు రాజేసి పోతాం, ఆర్పుకునేది వీళ్ళే. అయినా అన్నాను. "దీని గురించి పైకి రాయక తప్పదు సార్, చట్టం అంతే. రేపో ఎల్లుండో రాస్తాను. ముందు చెవి సంగతి చూడాలి. వాళ్ళ నాన్నతో మాట్లాడతాను."

బడి వదిలాక పిల్లలతోపాటే తండాకు నడిచాం. కోటేష్ బండి తోసుకుంటూ వచ్చాడు. దారిలో పత్తి చేలు, పోడు చేలు, మధ్యమధ్య టేకు చెట్లు. నా ఎడమ మోకాలు అడుగడుగునా తిడుతూనే ఉంది. బలరాం నాకు ఎడమపక్కన నడవబోయి, ఆగి, ఎడమచెవి నా వైపు వచ్చేలా పక్క మారాడు.

"నేను మీ నాన్నతో మాట్లాడనా? నీకు ఇష్టం లేకపోతే ఇప్పుడే వెనక్కి పోతా" అన్నాను.

చాలా దూరం నడిచాక అన్నాడు. "మా బా మంచోడు మేడం. ఆయన్ని ఏమనొద్దు." లంబాడీలో బా అంటే నాన్న.

తండాలో కబురు మాకన్నా ముందే చేరింది. నాయక్ హాతీరాం ఇంటి ముందు మంచాలు వేసి ఉన్నాయి. నలుగురైదుగురు పెద్దమనుషులు కూర్చున్నారు. హాతీరాం ముసలివాడే కానీ వెన్ను నిటారుగా ఉంది. నాకొక ప్లాస్టిక్ కుర్చీ వేయించాడు, మంచినీళ్ళు ఇప్పించాడు. రెడ్యా కింద చాప మీద కూర్చున్నాడు. బలరాం వెళ్ళి తండ్రి పక్కన కూర్చున్నాడు. నాయక్ మంచం అతని కుడివైపుకు వచ్చింది.

హాతీరాం ముందు లంబాడీలో ఏదో గద్దించాడు. తర్వాత నా కోసం తెలుగులోకి దిగాడు.

"ఏందిరా బలరాం. తెగిన ముచ్చట బడిల ఎత్తినవంట. మీ బా తలకాయ ఏడ పెట్టుకోవాలె?"

గట్టిగానే అన్నాడు కాబట్టి వినపడింది. బలరాం తల ఎత్తకుండా చెప్పాడు. "నేను ఎత్తలే తాతా. నేను ఒక్క ముచ్చట గూడ చెప్పలే. హీరాలాల్ సారు చెప్పిండు. అందరు విన్నరు."

తలుపు వెనక శ్రావణి గొంతు. "అవ్ తాతా. నేనే జడ్జిని. పిలగాని కుర్చీ ఉత్తగనే ఉండె."

ఒక పెద్దమనిషి నవ్వు ఆపుకోలేక దగ్గాడు. హాతీరాం నవ్వలేదు గానీ మీసం కదిలింది. కోర్టులో ఇంత తెలివైన వాదన నేను విని చాలా ఏళ్ళయింది. బలరాం మాట తప్పలేదు, చెప్పాల్సిందీ చెప్పేశాడు. అంత తెలివి ఉన్నవాడికి, అది వాడుకోవాల్సిన గతి పట్టింది.

"మేడం, మీరు సదువుకున్నోళ్ళు. మా దగ్గర పోలీసులు లేనప్పటి సంది గిట్లనే నడుస్తంది" అన్నాడు హాతీరాం. "తప్పు ఒప్పుకున్నోన్ని మల్ల మల్ల తవ్వం. తవ్వుకుంట పోతే తండ తండల పగలే మిగులుతయ్. మీ కోర్టుల గట్ల ఎన్ని ఇండ్లు ఖరాబైనయో మీకు తెల్వదా?"

తెలుసు. తలూపాను.

లోపలినుంచి పళ్ళెం తెప్పించాడు. అందులో బెల్లం. ఒక ముక్క విరిచి అరచేతిలో పెట్టుకుని నా వైపు చాపాడు.

"మీరు గూడ ఓ ముక్క తినుండ్రి. ఈడికి ఒడిసిపోతది. పిలగానికి మేమే ఏదన్న మందు సూస్తం."

పొద్దు వాలుతోంది. ఒంట్లో సత్తువ లేదు. ఆ ముక్క నోట్లో వేసుకుంటే టీ ఇస్తారు, నవ్వుతూ సాగనంపుతారు, చీకటి పడకముందే బండెక్కవచ్చు. నిజం చెప్పాలంటే ఒక్క క్షణం మనసు అటే లాగింది.

"నాకు షుగరుంది నాయక్ గారూ" అన్నాను.

"సిటికెడే."

"షుగరు లేకపోయినా తినను. ఒక్క మాట అడుగుతా, ఏమనుకోకండి. ఆ రోజు బెల్లం ఎవరెవరు తిన్నారు?"

"సారు తిన్నడు. రెడ్యా తిన్నడు. కూసున్నోళ్ళమంత తిన్నం."

"బలరాం తిన్నాడా?"

హాతీరాం నా వైపు చిత్రంగా చూశాడు. "పిలగాండ్లకు పెట్టం. నాయిన తింటే తిన్నట్టే."

"దెబ్బ తిన్నది నాయిన కాదు కదా."

అప్పటిదాకా మట్టి గీరుతూ కూర్చున్న రెడ్యా గొంతు సవరించుకున్నాడు. నల్లగా, చిన్నగా ఉన్న మనిషి. ఎవరి ముఖమూ చూడలేదు. "నేను తిన్న. నా నోట్లకెల్లి మాట రాదు, నేను ఏడికి తోల్కపోలేను. కని వాడు తినలే. అది నిజమే నాయక్."

మంచాల మీద గుసగుస మొదలైంది, లంబాడీలో. ఒకాయన చేతులు తిప్పుతూ వాదిస్తున్నాడు. హాతీరాం చెయ్యి ఎత్తి అందరినీ ఆపాడు. మంచం దిగాడు. నాకు చాపిన బెల్లం ముక్క ఇంకా అరచేతిలోనే ఉంది. బలరాం పక్కకు వచ్చి ఆ చెయ్యి అతని ముందుకు కాదు, భుజం పక్కగా చాపాడు. ఈసారి గద్దించలేదు, మనవడితో మాట్లాడినట్టు మెల్లగా అన్నాడు.

"గట్లయితే ఇప్పుడు తిను బిడ్డా. తింటవా?"

బలరాం కదల్లేదు. తండ్రి వైపే చూస్తూ కూర్చున్నాడు.

"బిడ్డా, నిన్నే. తింటవా, తినవా?"

పలకలేదు. తలుపు వెనక నుంచి శ్రావణి ఇవతలికి రాబోయి ఆగిపోయింది. ఆ పిల్లకు తెలుసు, నాకూ తెలుసు. నాయక్ నిలబడ్డది కుడివైపు. రెడ్యా కొడుకు మోచెయ్యి తట్టబోయాడు. హాతీరాం వద్దని సైగ చేశాడు. వంగి ఆ చెవి దగ్గరగా చూశాడు. దూది పచ్చగా తడిసి ఉంది. ఆ వాసన ఆయనకు తగిలే ఉంటుంది. మూడోసారి అడగలేదు. తర్వాత గుప్పిట మూసి, ఆ ముక్కను పళ్ళెంలో పడేసి, ఇంట్లోకి నడుస్తూ నాతో అన్నాడు.

"పొద్దుగాల ఫస్ట్ బస్సుకు తోల్కపోండ్రి మేడం."

బలరాంకు నిజంగానే వినపడలేదా, విననట్టు కూర్చున్నాడా అని నేను అడగలేదు. అడిగే హక్కు నాకు లేదనిపించింది.

మర్నాడు ఇల్లందు మీదుగా ఖమ్మం బస్సులో అతనూ నేనూ వెళ్ళాం. రెడ్యా బస్టాపు దాకా వచ్చాడు, సంచిలో రొట్టెలు పెట్టి ఇచ్చాడు, బస్సు ఎక్కలేదు. దారి పొడుగునా బొగ్గు లారీలు. బలరాం కిటికీ పక్కన కూర్చుని నిద్రపోయాడు. నాకూ కునుకు పట్టింది.

దవాఖానాలో చీటీ రాయించుకుని బెంచీ మీద ఎంతసేపు కూర్చున్నామో. చెవుల డాక్టరు కుర్రది. లైటు వేసి చూసింది, శుభ్రం చేసింది. కర్ణభేరికి పెద్ద చిల్లు పడిందనీ, ముందు చీము ఆగాలనీ, ఆపరేషను చేస్తే కొంత వినికిడి రావచ్చు, రాకపోనూవచ్చనీ నాతో చెప్పింది. ఇంకాస్త ముందు తీసుకురావాల్సింది అంది. అందరూ ఆ మాటే అంటారు. ముందు రావడానికి ఎంత దూరం నడవాలో వాళ్ళకు తెలియదు.

తర్వాత పెన్ను తీసింది. "దెబ్బ తగిలి అయినట్టుంది. ఎలా తగిలింది?"

నేను నోరు తెరవబోయాను. అలవాటు. ముప్పై ఏళ్ళుగా అందరి తరఫునా మాట్లాడుతున్న నోరు. కానీ ఆ అమ్మాయి నన్ను అడగలేదు. అతని ఎడమవైపుకు వంగి అడిగింది. నేను నోరు మూసుకున్నాను.

బలరాం నా వైపు చూశాడు. ఈసారి ఉత్త కుర్చీ లేదు. విజిల్ పట్టుకున్నట్టు చెయ్యి పైకి తెచ్చుకోలేదు. కూర్చున్న స్టూలును రెండు చేతులా పట్టుకున్నాడు.

"మా సారు కొట్టిండు" అన్నాడు. "నన్ను కొట్టిండు."

వినపడనివాళ్ళు మాట్లాడినట్టు, కావలసినదానికన్నా గట్టిగా అన్నాడు. బయట బెంచీల మీద ఉన్నవాళ్ళంతా తలలు తిప్పి చూశారు.